మెగ్నీషియం హైడ్రైడ్‌తో నా ఐదేళ్లు

ఉదయం ఏడున్నరకి ల్యాబ్ తలుపు తీసి కంప్యూటర్ చూస్తే స్క్రీన్ మీద 8.1 అని ఉంది. రాత్రంతా నడిచిన రన్ అది. అర గ్రాము మెగ్నీషియం పొడి హైడ్రోజన్‌ని పీల్చుకున్నాక, మొత్తం బరువులో 8.1 శాతం హైడ్రోజనే అని ఆ అంకెకి అర్థం. నేను బ్యాగు కూడా దించకుండా అట్లాగే నిలబడిపోయాను. ఎందుకంటే మెగ్నీషియం హైడ్రోజన్‌ని పీల్చుకుంటే మెగ్నీషియం హైడ్రైడ్ అవుతుంది, అందులో హైడ్రోజన్ ఎంత పట్టినా 7.6 శాతమే. ఒక మెగ్నీషియం పరమాణువుకి రెండు హైడ్రోజన్ పరమాణువులు, అంతకు మించి చోటు లేదు. పైగా నా పొడిలో ఐదు శాతం నియోబియం ఆక్సైడ్ కలిపి ఉంది, అది హైడ్రోజన్‌ని దాచుకోదు. ఆ లెక్క కూడా తీసేస్తే పై హద్దు 7.2. మరి ఈ 8.1 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది 2021 నవంబరు మాట. దానికి ముందు రెండేళ్ల కథ ఉంది, దాని తర్వాత మూడేళ్లు.

మాది పాకాల దగ్గర పల్లె. నాయన మామిడితోట చూసుకుంటాడు, వానలు బాగుంటే చెనిక్కాయ వేస్తాడు. 2019లో తిరుపతిలో పీహెచ్‌డీకి చేరినప్పుడు, నేను చేసేది ఏందో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "హైడ్రోజన్‌ని లోహంలో దాచే పని" అని చెప్పాను. నాయన కాసేపు ఆలోచించి, "సిలిండర్‌లో పెట్టొచ్చు గదమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ నాకు ఇష్టమైన విషయం. పెట్టొచ్చు. హైడ్రోజన్ కార్లలో 700 బార్ ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లతో, పెడుతున్నారు కూడా. లేదంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా చేయాలి. అంత కష్టపడి ద్రవం చేసినా ఒక ఘనపు మీటరులో పట్టేది 71 కిలోల హైడ్రోజనే. అదే ఘనపు మీటరు మెగ్నీషియం హైడ్రైడ్‌లో దాదాపు 110 కిలోలు ఉంటుంది. ఒత్తిడీ అక్కర్లేదు, చలీ అక్కర్లేదు. మామూలు బూడిదరంగు పొడి. ద్రవం కన్నా ఎక్కువ హైడ్రోజన్ ఒక పొడిలో ఒదిగి కూర్చుంటుందని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా పోలేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1866లోనే థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త పల్లేడియం లోహం తన పరిమాణానికి కొన్ని వందల రెట్లు హైడ్రోజన్‌ని పీల్చుకోవడం చూశాడు. వందేళ్ల తర్వాత, 1960ల చివర్లో, నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో లాంథనం, నికెల్ కలిపిన ఒక మిశ్రమలోహం గది వేడిమిలోనే హైడ్రోజన్‌ని తీసుకుని తిరిగి ఇస్తుందని తెలిసింది. ఆ కుటుంబానికి చెందిన లోహాలే తర్వాత నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు అయ్యాయి. 1997లో వచ్చిన టయోటా ప్రియస్ కారులో పెట్రోల్ ఇంజిన్‌కి తోడుగా ఉన్నవి ఆ బ్యాటరీలే. మన ఇళ్లలో ఛార్జింగ్ పెట్టుకునే పెన్సిల్ సెల్స్ చాలావరకు ఇవే. అంటే హైడ్రైడ్ మన చేతిలోకి ఎప్పుడో వచ్చింది, పేరు తెలియక మనం పట్టించుకోలేదంతే.

ఆ లాంథనం లోహంలో పట్టేది బరువులో 1.4 శాతం. మెగ్నీషియంలో 7.6. చౌక కూడా. అందుకే అందరి కళ్లూ దీని మీద. ఇబ్బంది ఏమిటంటే, మెగ్నీషియం హైడ్రోజన్‌ని చాలా గట్టిగా పట్టుకుంటుంది. వదలాలంటే 300 డిగ్రీల దాకా వేడి చేయాలి, అప్పుడు కూడా నింపాదిగా వదులుతుంది. ఆ నిదానాన్ని తగ్గించడానికి పొడిని బాగా మెత్తగా నూరి, కొద్దిగా ఉత్ప్రేరకం, నా పొడిలో అయితే నియోబియం ఆక్సైడ్, కలపాలి. నా పని అదే.

నూరడం బాల్ మిల్‌లో. స్టీల్ వయల్‌లో, అంటే మూత ఉన్న చిన్న డబ్బాలో, పొడి, దాని బరువుకి పది రెట్లు స్టీల్ గుండ్లు. పావుగంట తిప్పడం, పావుగంట ఆపడం, ఇలా ఇరవై గంటల నూరుడు అయ్యేదాకా. వయల్ నింపడం, తీయడం మొత్తం గ్లవ్ బాక్స్ అనే గాలి చొరబడని పెట్టెలోనే, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువులో, తేమ, ఆక్సిజన్ పది లక్షల్లో ఒక వంతు కూడా లేకుండా. ఇది చదివేటప్పుడు సులువుగా ఉంటుంది. మందపాటి రబ్బరు గ్లవ్స్‌లో మోచేతి పైదాకా చేతులు దూర్చి, ఏప్రిల్ నెలలో, చిన్న చెంచాతో 0.025 గ్రాముల నియోబియం ఆక్సైడ్ తూయాలి. ఆర్గాన్‌లో తేమ ఉండదు కాబట్టి పొడికి స్టాటిక్ పడుతుంది. చెంచా దగ్గరికి తెస్తే పొడి తనంతట తానే ఎగిరి గ్లవ్‌కి అంటుకుంటుంది. కాగితం మీద ఉన్నది కళ్ల ముందే గోడకి పోతుంది. మొదటి నెలలో ఒక్క శాంపిల్ తూయడానికి నాకు గంటన్నర పట్టేది, బయటికి వచ్చేసరికి చేతుల నుంచి చెమట కారేది.

ఒకసారి జరిగింది ఇక్కడ చెప్పాలి, ఈ పనిలోకి వచ్చేవాళ్లకి పనికొస్తుంది. పొడి మొత్తం తీసేశాననుకుని వయల్‌ని బయటికి తెచ్చాను. గోడకి పల్చగా అంటుకున్న నల్లటి పొర ఉంది. టిష్యూతో గట్టిగా తుడిచాను. చేతిలో టిష్యూ అంచు ముందు గోధుమరంగుకి తిరిగింది, మరుక్షణం తెల్లటి నిప్పురవ్వలు. కింద పడేశాను. పక్క టేబుల్ దగ్గరున్న సీనియర్ అక్క "నీళ్లు పోయొద్దు!" అని అరుస్తూ ఇసుక బకెట్ తెచ్చి కుమ్మరించింది. మండే మెగ్నీషియం మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొట్టినా ఆగదు, ఆ వాయువులో కూడా మెగ్నీషియం మండుతుంది. ఎండు ఇసుకో, లోహపు మంటల కోసమే చేసిన పొడో కప్పాలి. అప్పటి నుంచి వయల్‌ని ఆవిర్లు లాగేసే హుడ్ కింద పెట్టి, ఐసోప్రొపనాల్ పోసి, నెమ్మదిగా చల్లారనిచ్చి, మరుసటి రోజే కడుగుతాను. ఆ అరుపు రాకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ఆ 8.1 సంగతి.

పొడి ఎంత హైడ్రోజన్ పీల్చిందో కొలవడానికి మేం వాడేది సీవర్ట్స్ పరికరం. దాని సూత్రం చాలా తేలిక. తెలిసిన పరిమాణం ఉన్న గొట్టంలో హైడ్రోజన్ నింపి, శాంపిల్ ఉన్న వైపుకి వాల్వ్ తెరుస్తాం. పొడి పీల్చుకునే కొద్దీ లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి, ఎంత పీల్చిందో లెక్క కడతాం. ఈ మాటని ఇంకోసారి చదవండి. మనం చూసేది ఒత్తిడి తగ్గడాన్ని మాత్రమే. పొడి పీల్చినా తగ్గుతుంది, ఎక్కడో చిన్న లీక్ ఉండి బయటికి పోయినా తగ్గుతుంది. గేజ్‌కి ఈ రెంటికీ తేడా తెలియదు.

దానికి రెండు వారాల ముందు నాలుగు గంటల రన్‌లో నాకు 6.7 వచ్చింది. ల్యాబ్ అంతా సంతోషం. గైడ్ మేడమ్ ఒక సదస్సుకి సారాంశం పంపమన్నారు, పంపాను. కానీ అదే శాంపిల్‌ని తిరిగి వేడి చేసి హైడ్రోజన్ బయటికి తీస్తే వచ్చింది 5.8. తీసుకున్నది ఒకటి, ఇచ్చింది ఒకటి. ఆ తేడాకి నేనే ఒక కారణం అల్లుకున్నాను: కొంత హైడ్రోజన్ లోపలి పొరల్లో చిక్కుకుపోయి ఉంటుందని. నోటుబుక్‌లో నీట్‌గా రాశాను కూడా, బొమ్మ గీసి మరీ. నాకు నచ్చిన అంకెని కాపాడుకోవడానికి నా బుద్ధి ఎంత చురుగ్గా పనిచేసిందో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది. హద్దు దాటిన 8.1 రాకపోయి ఉంటే ఆ కథ అలాగే అచ్చయిపోయేది.

ఆ రోజు అక్క అడిగింది ఒకే ప్రశ్న. "ఖాళీగా పెట్టి చూసినావా?"

చూడలేదు. పరికరం కొన్న కొత్తలో ఎవరో బ్లాంక్ రన్ చేశారని రికార్డులో ఉంది, అది చాలనుకున్నాను. వెంటనే శాంపిల్ తీసేసి, ఖాళీ హోల్డర్‌తో పది బార్ హైడ్రోజన్ పట్టి రాత్రంతా వదిలాం. పొద్దునకి తగ్గింది 0.02 బార్. అంటే లీక్ లేదు! ఇక పొడి మీద అనుమానం, తూకం మీద అనుమానం, గొట్టం పరిమాణం మీద అనుమానం. హీలియంతో పరిమాణాలన్నీ మళ్లీ కొలిచాను. తొమ్మిది రోజులు అలా పోయాయి.

ఆ రోజుల్లోనే తిరుపతిని వాన ముంచెత్తింది. ఆ నవంబరు వాన చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. వీధుల్లో నడుములోతు నీళ్లు, కొండ మీదికి దారులు మూసేశారు. కరెంటు పోయి గ్లవ్ బాక్స్ పంపులు ఆగిపోయాయి, లోపల తేమ మీటరు మెల్లగా పైకి ఎక్కుతుంటే మేం జనరేటర్ కోసం ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. రెండు శాంపిల్స్ పాడయ్యాయి. వాన తెరిపిచ్చాక రాయలచెరువు కట్టకి లీక్ పడిందని వార్త. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు, కట్టకి ఇసుక బస్తాలు వేస్తున్నారు. నాయన రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేవాడు. ఊరంతా ఒక లీక్ గురించి మాట్లాడుకుంటుంటే, నేను ల్యాబ్‌లో సబ్బునీళ్ల గిన్నె, బ్రష్ పట్టుకుని ఒక్కో జాయింట్ తడుముతున్నాను. ఎక్కడా ఒక బుడగ లేదు.

అసలు సంగతి నాకు తట్టింది ఒక మధ్యాహ్నం, అన్నం తింటుండగా. బ్లాంక్ రన్ మేం చేసింది చల్లగా ఉన్నప్పుడు. శాంపిల్ రన్ జరిగేది 300 డిగ్రీల దగ్గర. తింటున్నది వదిలేసి పైకి వెళ్లి, ఖాళీ హోల్డర్‌కే కొలిమి ఆన్ చేశాను. పన్నెండు గంటల్లో 1.2 బార్ తగ్గింది. మా పరికరంలో అర గ్రాము శాంపిల్‌కి అర బార్ తేడా అంటే సుమారు 0.8 శాతం. 1.2 బార్ అంటే రెండు శాతం. 8.1లోంచి రెండు తీసేస్తే 6.1. నాలుగు గంటల రన్‌లో వచ్చిన 6.7 కూడా అదే లెక్కకి దిగింది.

కొలిమి వేడిగా ఉండగా సబ్బునీళ్లు పూయలేం. చేతిలో పట్టే హైడ్రోజన్ డిటెక్టర్ తెచ్చి జాయింట్ల పక్కన మెల్లగా జరుపుతూ పోతే, కొలిమికి జానెడు పైన ఉన్న నట్ దగ్గర కీచుమంది. చల్లారాక విప్పి భూతద్దంతో చూశాం. జాయింట్‌లో సందు మూసే రింగు, గాస్కెట్, కూర్చునే అంచు మీద వెంట్రుకంత గీత. చల్లగా ఉన్నప్పుడు గాస్కెట్ దాన్ని కప్పేస్తోంది. వేడికి లోహాలు వ్యాకోచించి బిగువు సడలగానే ఆ గీత లోంచి హైడ్రోజన్ జారిపోతోంది. గాలిలో హైడ్రోజన్ నాలుగు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. మా గదిలో గాలి బాగా ఆడుతుంది కాబట్టి ఆ చిన్న లీక్ ప్రమాదం దాకా పోలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంకె తప్పయినందుకు కాదు, అన్ని రాత్రులు ఆ గదికి తాళం వేసి వెళ్లిపోయినందుకు.

ఆ భాగం మార్చాం. ఇంకో తప్పు కూడా అప్పుడే దొరికింది: రాత్రి ఏసీ ఆపేస్తే గది వేడెక్కుతుంది, పది డిగ్రీలు మారితే పది బార్ మీద 0.33 బార్ తేడా వస్తుంది. హైడ్రోజన్ నింపే గొట్టం చుట్టూ థర్మోకోల్ పెట్టె కట్టి, లోపల ఒక థర్మామీటర్ పెట్టాం. తర్వాత మూడు వేర్వేరు శాంపిల్స్‌కి 5.9, 6.0, 5.9 వచ్చాయి. తిరిగి ఇచ్చింది కూడా దాదాపు అంతే. లోపలి పొరల్లో ఏదీ చిక్కుకోలేదు. మేడమ్‌కి చెప్పి సదస్సుకి పంపిన సారాంశం వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. "5.9 మంచి అంకే, దాన్ని నిలబెట్టు" అన్నారంతే.

ఈ పని ఎందుకు కార్లలోకి ఇంకా రాలేదని చాలామంది అడుగుతారు. లెక్క చెబుతాను. ఒక హైడ్రోజన్ కారుకి సుమారు ఐదు కిలోల హైడ్రోజన్ కావాలి. దానికి 66 కిలోల మెగ్నీషియం హైడ్రైడ్, అంటే రెండున్నర బియ్యం బస్తాల బరువు. అది పెద్ద కష్టం కాదు. కష్టం వేడితో. మెగ్నీషియం హైడ్రోజన్‌ని పీల్చుకునేటప్పుడు ఒక మోల్ హైడ్రోజన్‌కి, అంటే సుమారు రెండు గ్రాములకి, 75 కిలోజౌళ్ల వేడి విడుదలవుతుంది. ఐదు కిలోలు ఐదు నిమిషాల్లో నింపాలంటే 600 కిలోవాట్లకు పైగా వేడిని ఆ ఐదు నిమిషాలూ బయటికి తోడెయ్యాలి. వాడుకునేటప్పుడు అదే వేడి మళ్లీ ఇవ్వాలి. హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు దానికే పోతుంది. అందుకే నా అభిప్రాయం, మెగ్నీషియం హైడ్రైడ్ చోటు కారు కాదు. కదలకుండా ఒకచోట ఉండే నిల్వకి, పక్కనే వేడి ఊరికే దొరికే ఫ్యాక్టరీల్లో, ఇది బాగా పనికొస్తుంది. ఈ మాట అందరూ ఒప్పుకోరు, నేను మాత్రం ఐదేళ్లు దాంతో గడిపి చెబుతున్నాను.

బ్యాటరీల వైపు మళ్లింది 2022లో. ఆ ఏడాది సెప్టెంబరులో తిరుమల ఘాట్ మీద ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. కరకంబాడి వైపు వెళ్తే బ్యాటరీల ఫ్యాక్టరీ, లిథియం సెల్స్ తయారీ కూడా మన తిరుపతికే వచ్చింది. అలిపిరి దగ్గర చప్పుడు లేకుండా పైకి వెళ్లే బస్సుని చూస్తే, మా పొడులకి ఇక్కడ ఏం పని ఉందా అనిపించేది.

పని ఉంది. 2008లో ఫ్రాన్స్‌లో ఒక బృందం మెగ్నీషియం హైడ్రైడ్‌నే లిథియం బ్యాటరీలో ఎలక్ట్రోడ్‌గా వాడి చూపించింది. సిద్ధాంతం ప్రకారం గ్రాముకి 2038 మిల్లీఆంపియర్ అవర్ల ఛార్జి పడుతుంది. ఇప్పుడు అందరూ వాడే గ్రాఫైట్‌లో 372. నేనూ కాయిన్ సెల్స్, అంటే నాణెమంత చిన్న బ్యాటరీలు, కట్టాను. మొదటి సైకిల్ చూస్తే కళ్లు చెదురుతాయి, పది సైకిళ్లు తిరక్కుండానే అడుగంటిపోతుంది. లిథియం లోపలికి వచ్చి పోయే కొద్దీ పొడి ఉబ్బి, తగ్గి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చి, ముక్కకీ ముక్కకీ సంబంధం తెగిపోతుంది. దాని మీద ఎనిమిది నెలలు పెట్టి వదిలేశాను.

నా మనసు నిలిచింది ఇంకో హైడ్రైడ్ దగ్గర, లిథియం బోరోహైడ్రైడ్. దీంట్లో హైడ్రోజన్ 18 శాతానికి పైనే ఉంది, కానీ వదిలించడం, తిరిగి ఎక్కించడం మెగ్నీషియం కన్నా కష్టం. నిల్వ పనికి మొండికేసిన ఈ పొడి, 2007లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తే, సుమారు 115 డిగ్రీలు దాటగానే లిథియం అయాన్లని తన గుండా పరుగెత్తనిస్తోంది. అంటే ద్రవం లేని, కారిపోని, ఘనరూపంలో ఉన్న ఎలక్ట్రోలైట్, బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లు నడిచే పదార్థం. ఆ వేడి దగ్గర స్ఫటికం అమరిక మారి, దారులు తెరుచుకుంటాయి.

నేను చదివింది నా కళ్లతో చూడాలని, తెల్లటి ఆ పొడిని పది మిల్లీమీటర్ల డై అనే అచ్చులో నొక్కి, ఒక మిల్లీమీటరు మందం బిళ్ల చేశాను. చిన్న వక్కబిళ్లంత ఉంటుంది. రెండు వైపులా లిథియం రేకులు పెట్టి, కొలిమిలో ఉంచి, పది డిగ్రీలకి ఒకసారి ఇంపిడెన్స్, అంటే కరెంటుని బిళ్ల ఎంత అడ్డుకుంటుందో, తీశాను. స్క్రీన్ మీద ప్రతిసారీ సగానికి విరిగిన చేతి గాజు లాంటి వంపు వస్తుంది, ఆ వంపు ఎంత పెద్దదైతే బిళ్లకి అంత నిరోధం. వంద డిగ్రీల దగ్గర లక్ష ఓమ్‌లు దాటి ఉంది. 110 దగ్గర కొంచెం తగ్గింది. 120కి పెట్టి అరగంట ఆగి మళ్లీ తీస్తే, వంపే లేదు. పరికరం తీగ ఊడిందేమోననుకున్నాను. స్కేలు మార్చి దగ్గరికి తెస్తే, కింద మూలలో చిన్న గీత. నిరోధం వంద చిల్లర ఓమ్‌లు. లక్ష నుంచి వందకి, ఇరవై డిగ్రీల్లో. రాత్రి పదకొండు దాటింది, ల్యాబ్‌లో నేను తప్ప ఎవరూ లేరు. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కంగారు పడి లేచింది.

ఆ సంతోషం ఉన్నా ఈసారి ముందు చేసింది బ్లాంకే. బిళ్ల లేకుండా తీగల్ని కలిపి అదే వేడిలో కొలిచాను. ఆ తర్వాత చల్లారుస్తూ తీశాను, వంపు మళ్లీ పెరిగింది. మరో బిళ్లతో మళ్లీ. అన్నీ కుదిరాకే మేడమ్‌కి చూపించాను. తర్వాతి ఏడాదిన్నర దీంట్లో లిథియం అయోడైడ్ కలిపి, ఆ వేడి అమరికని గది వేడిమిలోనే నిలబెట్టే పని చేశాను. మూడు పాళ్లకి ఒక పాలు కలిపి నూరితే నిలబడుతుంది. ఆ దారి కూడా ముందు జపాన్ వాళ్లు చూపిందే, నేను చేసింది నూరే సమయం మారితే ఏమవుతుందో విడమరిచి చూడడం.

2024లో వైవా, పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష. నాయన, అమ్మ వెనక వరసలో కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు థీసిస్ చివరి పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "ఈ 8.1 గ్రాఫ్ తప్పని మీరే రాశారు, మరి ఎందుకు పెట్టారు?" అని అడిగారు. దాని పక్క పేజీలో ఉన్న ఖాళీ హోల్డర్ గ్రాఫ్ చూడమన్నాను, చల్లగా ఉన్నప్పటిది ఒకటి, 300 డిగ్రీలది ఒకటి. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసి, ఆ నట్ కొలిమికి ఎంత దూరంలో ఉందని అడిగారు. జానెడు అన్నాను. పెన్సిల్‌తో అంచున రాసుకున్నారు.